తలుపు వెనక సుద్దగీతలు

ఖర్కాయి నది పొంగి జుగ్సలాయి గోదాముల్లో గోధుమ బస్తాలు మొలకలెత్తిన ఏడాది అది. టాటానగర్ స్టేషన్‌కి ఇవతల, పట్టాల వెంబడి ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళలోకి కిటికీల ఎత్తున నీళ్ళొచ్చాయి. నీలకంఠం కుటుంబం రెండు రోజులు పక్కవాళ్ళ డాబా మీద తలదాచుకుంది. డాబా మీద ఏడు కుటుంబాలు, ఒక్క నీళ్ళ ట్యాంకు. మరుగుదొడ్డి కింద, నీళ్ళలో ఉండిపోయింది.

నీలకంఠం కొడుకు సునీల్‌కి అప్పటికి ఆరేళ్ళుగా పెద్దపేగులో పుండ్లు. డాక్టర్లు ఆ జబ్బుని అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. రోజుకి పది పన్నెండు సార్లు నెత్తురు విరేచనాలు. మాత్రలేస్తే తగ్గేది, మానేస్తే తిరగబెట్టేది. తరవాత తరవాత మాత్రలేసినా తిరగబెట్టేది. కార్ఖానాలో క్రేన్ నడిపే పని అతనిది. ఒకసారి కేబిన్‌లోకి ఎక్కితే షిఫ్టు అయ్యేదాకా దిగడానికి లేదు. అందుకని తిండి మానేసి డ్యూటీకి పోయేవాడు. ముప్ఫై నాలుగేళ్ళకి చొక్కా కొంకెకి తగిలించినట్టు తయారయ్యాడు.

డాబా మీద ఆ రెండు రోజుల్లో సునీల్ ఇరవై సార్లకి పైగా ట్యాంకు వెనక్కి వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ నీలకంఠం దుప్పటి అడ్డంపట్టి, మొహం అటు తిప్పి నిలబడ్డాడు. "అయిపోయింది నాన్నా" అనే మాట వినబడేదాకా చేతులు దించలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆ మాట వినబడలేదు. తిరిగి చూస్తే పెళ్ళయిన కొడుకు ట్యాంకుకి తలానించి ఏడుస్తున్నాడు. నీలకంఠం మళ్ళీ అటు తిరిగిపోయాడు, దుప్పటి మటుకు ఇంకొంచెం పైకెత్తాడు.

నీళ్ళు తీశాక పెద్దాసుపత్రిలో సర్జన్ చెప్పాడు. మందులు ఇక పనిచెయ్యవు, పెద్దపేగు మొత్తం తీసేయాలి. పొట్ట నిలువునా కొయ్యరు. నాలుగైదు చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో లోపల చూసుకుంటూ పేగుని విడదీసి, బొడ్డు కింద నాలుగు వేళ్ళ గాటులోంచి బయటికి లాగేస్తారు. చిన్నపేగు చివరని మడిచి తిత్తిలా కుట్టి కింద మలద్వారానికి కలుపుతారు. ఆ కుట్లు మానేదాకా మూడు నెలలు చిన్నపేగు మడత ఒకటి పొట్ట మీదకి తెచ్చి, దానికి సంచి అంటిస్తారు. ఆ తరవాత ఇంకో చిన్న ఆపరేషన్ చేసి అది మూసేస్తే మనిషి మనిషిలా ఉంటాడు.

నీలకంఠం భార్య ధనమ్మ ఒప్పుకోలేదు. "పేగు తీసీసినాక మనిషిలో ఏటి మిగుల్తాదయ్యా? పొట్ట మీద సంచీ ఏలాడేసుకుని నా కొడుకు గుడికెలా ఎల్తాడు, పంక్తిలో ఎలా కూకుంటాడు?"

సునీల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కోడలు రజని మామగారి మొహం చూసింది.

నీలకంఠం రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. రోజూ తెల్లారి ఆరేడు కిలోమీటర్ల పట్టా వెంట ఒక్కడే నడవడం, వదులైన కీలు సుత్తితో బిగించడం, ఎక్కడైనా పగులు కనబడితే సుద్దతో గీత గీసి మేస్త్రీకి చెప్పడం. ముప్ఫై ఏడేళ్ళు అదే పని. పట్టాతో మాట్లాడేదేముంది? ఇంట్లో కూడా అదే అలవాటైపోయింది. అడిగితే ఊఁ, అడక్కపోతే అదీ లేదు.

ఆ రోజు మటుకు నోరు విప్పాడు. "చేయించీద్దాం" అన్నాడు.

ధనమ్మ వేలు చూపించి అంది: "సరే. ఆపరేసను నీ మాట. ఇంటికొచ్చినాక పత్తెం నా మాట. మద్దిలో నువ్వు నోరెట్టకూడదు. మాటియ్యి."

"ఇచ్చాను."

నోరు పెట్టనని మాటివ్వడం అతనికి అసలు కష్టమే కాదనుకున్నాడు.

సునీల్ ఒళ్ళు కాస్త పుంజుకునేదాకా సర్జన్ ఆగమన్నాడు. చివరికి మరుసటి ఏడాది మే నెల మొదట్లో ఆపరేషన్ జరిగింది. బాగానే జరిగింది. రెండో రోజు లేచి నడిచాడు, ఆరో రోజు ఇంటికొచ్చాడు. పంపేముందు రోహిణి అనే నర్సు సంచి మార్చడం నేర్పి, హిందీలో అచ్చేసిన కాగితం రజని చేతిలో పెట్టింది. అడుగున తన ఫోన్ నంబరు రాసింది.

ఇంటికొచ్చిన మర్నాడే భాలుబాసా నుంచి ధనమ్మ అక్క భద్రమ్మ చూడ్డానికొచ్చింది. వస్తూనే సునీల్ బనీను ఎత్తి చూసింది.

"ఇదేటే ధనా, ఇంతేనా? మా ఆయనకి గాల్‌బ్లాడరు తీసినప్పుడు జానెడు కోసారు. ఇదేటి, దోమలు కుట్టినట్టుంది! పేగు నిజంగానే తీసారా, తీసామని సెప్పీసారా?"

"మౌసీ, ఛోడో నా!" సునీల్ బనీను కిందికి లాక్కున్నాడు.

"ఏటి ఛోడో? నానొగ్గను. ఆ సంచీ ఏటి, సూపించు."

"సినిమా బొమ్మనుకున్నావా చూపించడానికి?"

"నీ నోటికి జబ్బు రానేదురా అబ్బీ, అదే సంతోసం" అని భద్రమ్మ నవ్వింది. వెళ్ళేటప్పుడు చెల్లెల్ని వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "పైన సిన్న కన్నాలే గానీ లోపలంతా పచ్చి పుండే. నీళ్ళు తగిల్తే సీము పడతాది. బాలెంతకి చూసినట్టు చూడు."

ధనమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వీధిలో ఎంతమంది బాలింతలకి ఆమె పథ్యం పెట్టిందో ఆమెకే లెక్క తెలీదు. వేడన్నం, వేయించిన వెల్లుల్లి కారం, ఎండు నెత్తళ్ళు. నీళ్ళు మటుకు పూటకి అరగ్లాసు, అవీ కాచి చల్లార్చినవి. పచ్చి ఒంటికి నీళ్ళు పగ. వాళ్ళమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మమ్మ అలాగే చేసింది. అందుకని ఇత్తడి గ్లాసొకటి వేరే పెట్టింది.

రజని కాగితం తెచ్చి చదివింది. "అత్తా, నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. ఉప్పూ పంచదారా కలిపినవి. పెద్దపేగే నీళ్ళు పీల్చుకుంటదంట, అది లేదు కాబట్టి..."

"నువ్వు బడికెల్లు. నానున్నాను కదా."

రజని సోనారిలో చిన్నపిల్లల బడిలో పని చేస్తుంది. తొమ్మిదింటికి పోతే నాలుగింటికి గానీ రాదు. నీళ్ళలో కలపమని ఆసుపత్రిలో ఇచ్చిన ఉప్పూ పంచదారల పొట్లాలు ధనమ్మ అటక మీద పెట్టేసింది. సునీల్ కూడా అడ్డు చెప్పలేదు. నీళ్ళు తాగితే ఆ సంచి అరగంటకే నిండిపోతుంది, లేవాలి, ఖాళీ చెయ్యాలి, కడగాలి. పొద్దస్తమానం ఆ పని చేసుకోవడం కంటే నోరెండబెట్టుకోవడమే అతనికి సుఖంగా ఉంది. సాయంత్రం రజని అడిగితే "తాగాను, తాగాను" అనేవాడు.

"సూసావా" అంది ధనమ్మ రెండో రోజు. "తాగిందంతా నీళ్ళలాగే దిగిపోతంది. తాగితేనే కదా దిగడం? తగ్గిత్తే అదే కడతాది." మర్నాటి నుంచి అరగ్లాసు పావుగ్లాసయింది.

నీలకంఠానికి కాలు ఒకచోట నిలవలేదు. తెల్లారి పట్టా పక్కన నడిచొచ్చేవాడు, మళ్ళీ ఇంట్లో నడిచేవాడు. పట్టాల కింద స్లీపరు నుంచి స్లీపరుకి వేసిన అడుగు అలవాటైపోయి, వీధిగది నుంచి పెరటి గుమ్మానికి సరిగ్గా పదకొండు అడుగులు. పదకొండు అటు, పదకొండు ఇటు. కొడుకు మంచం దగ్గర ఆగేవాడు, చూసేవాడు, మళ్ళీ నడిచేవాడు.

"ఏటయ్యా ఆ తిరుగుడు? నాకు తల తిరిగిపోతంది. ఓ కాడ కూకో" అనేది ధనమ్మ.

కూర్చునేవాడు. రెండు నిమిషాలకి లేచేవాడు. ఏం చూస్తున్నాడో అతనికే తెలీదు. చూపంతా ఏదో పగులు వెతుకుతున్నట్టుండేది.

కొడుకు ఇంటికొచ్చిన మూడో రోజున పాత సామాన్ల పెట్టెలోంచి సుద్దముక్క తీశాడు. వీధి తలుపు వెనక పైనుంచి కిందికి ఒక పొడుగాటి గీత గీశాడు. సునీల్ సంచి ఖాళీ చేసుకున్నప్పుడల్లా ఎడమవైపు ఒక చిన్న గీత. ఒంటికి వెళ్ళొచ్చినప్పుడల్లా కుడివైపు ఒక గీత. ఆ లెక్కకి అతని మూడేళ్ళ బడి చదువు చాలు. తలుపు పగలంతా తీసే ఉంటుంది కాబట్టి ఆ గీతలు గోడ వైపు ఉండేవి, రాత్రి తలుపేసినా చీకట్లో కనబడేవి కావు. ఎవరూ చూడలేదు.

మూడో రోజు ఎడమ ఏడు, కుడి నాలుగు. అయిదో రోజు ఎడమ తొమ్మిది, కుడి మూడు. ఏడో రోజు ఎడమ పది, కుడి రెండు.

తొమ్మిదో రోజు ఎండ నిప్పులు చెరిగింది. మధ్యాహ్నం రెండింటికి నీలకంఠం తలుపు దగ్గరికి జరిపి చూశాడు. ఎడమ పన్నెండు. కుడి ఒకటి. ఆ ఒక్కటీ తెల్లారి అయిదింటిది.

లోపలికొచ్చాడు. సునీల్ మంచం మీద లేచి కూర్చుని, వంగి, రెండు చేతుల్తో పిక్కలు నలుపుకుంటున్నాడు. కళ్ళు గుంటల్లోకి పోయాయి. ఫ్యాను కింద మనిషి ఒంటి మీద చెమటచుక్క లేదు.

నీలకంఠం గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ పిక్కలు నలుపుకోవడం అతను ఇదివరకు ఒకసారి చూశాడు. గమ్హారియా అవతల, ఇలాంటి మే నెలలో. ఆదిబాబని గ్యాంగులో పనివాడు, తన ఊరివాడే, పట్టా పక్కన కూర్చుని అచ్చం ఇలాగే నలుపుకున్నాడు. ఆ రోజు ఆదిబాబు తరవాణి డబ్బా ఇంటి దగ్గర మరిచిపోయాడు. చద్దన్నం మీద తేరిన ఆ పులిసిన నీళ్ళు ఉప్పేసుకుని తాగనిదే ఎండలో గ్యాంగు పని చేసేవాడు లేడు. నీలకంఠం డబ్బాలో సగం ఉంది. అడిగితే ఇద్దామనుకున్నాడు. ఆదిబాబు అడగలేదు. నీలకంఠం అనలేదు. ట్రాలీ వచ్చేసరికి ఆదిబాబు లేడు.

ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అతను వంటింట్లోకి నడిచాడు. చెంబు తీసి కుండలో ముంచాడు. అటక మీదికి చెయ్యి చాపి ఉప్పు పొట్లాలు దించాడు. ధనమ్మ చేట పక్కన పడేసి లేచింది.

"ఏటి సేత్తన్నావు?"

నీలకంఠం పళ్ళతో పొట్లం చింపి చెంబులో పోశాడు.

"నిన్నేనయ్యా! ఏటదీ? పచ్చి కడుపుకి సెంబుడు నీళ్ళా? ఆడి పేగు కుళ్ళిపోతాది! మాటిచ్చినావా, నేదా?"

"ఇచ్చాను."

"మరి?"

"తప్పుతన్నాను."

ధనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆ ఆపరేషన్ విషయంలో తప్ప అతను ఆమె మాటకి ఎదురు రాలేదు. అందుకే ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. అతను చెంబు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో ఆమె భుజం పట్టి మెల్లిగా పక్కకి జరిపాడు. మూల ఉన్న బిందెని జరిపినట్టే జరిపాడు.

"తాగు" అన్నాడు కొడుకుతో.

"వద్దు నాన్నా. రహనే దో. తాగితే మళ్ళీ నిండిపోద్ది. లేవలేను." సునీల్ మాట ముద్దగా వచ్చింది. నాలుక అంగిలికి అంటుకుంటోంది.

నీలకంఠం మంచం అంచున కూర్చున్నాడు. ఇంట్లో అతను మంచం మీద కూర్చుని మాట్లాడటం ఎవరూ చూడలేదు.

"ఆదిబాబని ఉండీవోడు" అన్నాడు. "నాతో పని సేసీవోడు. పిక్కలట్టుకున్నాయి ఆడికి. నీలాగే. నా డబ్బాలో సగం తరవాణి ఉంది. నానియ్యలేదు. ఆడడగలేదు, నానియ్యలేదు. ఆడు సచ్చిపోయాడు. ఆ సగం సాయంత్రం ఇంటికట్టుకొచ్చి మీయమ్మకిచ్చాను. మీయమ్మ పారబోసింది." చెంబు ముందుకి చాపాడు. "తాగరా బాబూ."

సునీల్ తండ్రి మొహంలోకి చూశాడు. రెండు చేతుల్తో చెంబు అందుకున్నాడు.

రోహిణి సిస్టర్ కాగితం అలమరలో ఉంది. హిందీ అక్షరాలు రాకపోయినా అంకెలొచ్చు. సునీల్ ఫోన్ తీసి ఒక్కొక్క అంకె వేలితో నొక్కాడు. అవతల ఆమె ఎత్తగానే వచ్చీరాని రైల్వే హిందీలో సంచి లెక్కా ఒంటి లెక్కా చెప్పాడు. "సునీల్ కా బాప్. థైలీ బారా. పేశాబ్ ఏక్."

"ఏమిటి? నెమ్మదిగా చెప్పండి అంకుల్."

"సుబే సే. థైలీ, బారా బార్. పేశాబ్, ఏక్ బార్. మొన్న దస్ ఔర్ దో. ఉస్‌కే పహలే నౌ ఔర్ తీన్."

అది వినగానే సిస్టర్ గొంతు మారిపోయింది. ఆ లెక్క ఎవరు రాశారని అడగలేదు. నీళ్ళు ఎంత ఇస్తున్నారని అడిగింది. నీలకంఠం ధనమ్మ వైపు చూశాడు. ధనమ్మ చేతిలో ఇత్తడి గ్లాసు ఉంది.

"కమ్" అన్నాడు. "బహుత్ కమ్." చాలా తక్కువ.

"వెంటనే తీసుకొచ్చెయ్యండి. ఇప్పుడే. దార్లో గుటక గుటకా పట్టిస్తూనే ఉండండి."

ఆటోలో ఒకవైపు నీలకంఠం, ఒకవైపు ధనమ్మ, మధ్యలో సునీల్. పిక్క పట్టేసినప్పుడల్లా సునీల్ కాలు చాపడానికి చోటు లేక మూలిగేవాడు. జుగ్సలాయి సందులో లారీ అడ్డంగా ఆగి, బస్తాలు దింపుతున్నారు. ఆటోవాడు హారన్ కొట్టాడు, తిట్టాడు, మళ్ళీ కొట్టాడు. నీలకంఠం దిగి లారీ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. పట్టా మీద ఎర్రజెండా పట్టుకున్నట్టు చెయ్యి అడ్డంగా చాపి అలాగే నిలబడ్డాడు. డ్రైవరు గొణుక్కుంటూ బండి వెనక్కి తీశాడు.

ఆసుపత్రిలో రెండు చేతులకీ సెలైన్ పెట్టారు. నెత్తురు తీసి పరీక్షకి పంపారు. కబురందుకుని రజని బడి నుంచి పరిగెత్తుకొచ్చింది. సాయంత్రం సర్జన్ వచ్చి కాగితాలు చూసి చెప్పాడు. ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు, లోపలి కుట్లు చక్కగా మానుతున్నాయి. ఒంట్లో నీరూ ఉప్పూ ఎండిపోయాయి. మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైంది, సెలైన్‌తో కోలుకుంటాయి. "ఇంకొక్క రోజు ఆగి ఉంటే నేనేం చెయ్యగలిగేవాణ్ణో నాకే తెలీదు" అన్నాడు హిందీలో. పెద్దపేగు లేని మనిషికి నీళ్ళే మందని, అవీ ఉప్పూ చక్కెరా కలిపినవైతేనే ఒంట్లో నిలుస్తాయని మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

ధనమ్మ అన్నీ వింది. హిందీ ఆమెకి బాగానే వచ్చు.

ఆరింటికి సునీల్ నర్సుని పిలిచి సీసా అడిగాడు. రజని వరండాలోకొచ్చి మామగారితో నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "వెళ్ళాడు మావయ్యా, ఒంటికి వెళ్ళాడు." నీలకంఠం తలూపాడు. వరండా చివరిదాకా నడిచి, అక్కడ గోడకి మొహం పెట్టి కాసేపు నిలబడ్డాడు.

రోగి దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. రజని ఉంది. ముసలివాళ్ళిద్దరూ ఇంటికొచ్చారు. ధనమ్మ పొయ్యి వెలిగించలేదు. గోడకి చేరబడి కూర్చుని ఒక్క మాట అంది.

"నానే సంపీబోయాను."

నీలకంఠం ఆ రోజు మాట్లాడాల్సిందంతా మధ్యాహ్నమే మాట్లాడేశాడు. ఆమె పక్కన కింద కూర్చున్నాడు. ఆమె ఏమీ తినలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మర్నాడు తెల్లారి నీలకంఠం పట్టాల వైపు నడకకి పోలేదు. తడిగుడ్డతో వీధి తలుపు వెనక గీతలన్నీ తుడిచేశాడు. ఆరాక మధ్యన పొడుగాటి గీత మళ్ళీ గీశాడు. నీళ్ళు కాచి చల్లార్చి, ఉప్పు పొట్లం కలిపి, లైను మీదికి తీసుకెళ్ళే తన పాత అల్యూమినియం డబ్బా నిండా పోశాడు. మిగిలినవి ఇత్తడి గ్లాసు అంచుదాకా పోసి ధనమ్మ ముందు పెట్టాడు.

"ముందు నువ్వు తాగు" అన్నాడు.

ఆమె గ్లాసు వంక చూసింది, అతని వంక చూసింది. ఎత్తి గడగడా తాగేసింది. మూతి తుడుచుకుని, "పొట్లానికి నీళ్ళెన్ని?" అని అడిగింది.

అతను డబ్బా మీద ఎంతవరకో వేలు పెట్టి చూపించాడు. జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పత్తెం నీదే. నువ్వే గియ్యి" అన్నాడు.

ఆమె సుద్దముక్క కొంగున ముడేసుకుంది. అతను డబ్బా పట్టుకుని, ఆటో ఆపడానికి ముందుగా వీధిలోకి నడిచాడు.